నానమ్మ రోకలి, నాలుగు పిస్టన్లు

నల్లగొండ

చిరంజీవులు పెద్దోడికి, చిన్నమ్మాయికి తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న బతుకమ్మకు వచ్చినప్పుడు అన్నం ముందర కూర్చున్నా మీ ఇద్దరికీ ఒకటే పంచాయితీ. పాత హోండా సీబీఆర్ 250 ఆర్ఆర్ ముందు ఇప్పటి బండ్లు ఏవీ నిలబడవని పెద్దోడు. కవాసాకి కొత్త బండ్ల ముందు అది పాత సామానని చిన్నమ్మాయి. నన్ను తీర్పు చెప్పమన్నారు. నోటితో చెబితే మళ్లీ కొట్లాడతారు, అందుకే రాస్తున్నా.

ఉత్తరంతో పాటు గుడ్డలో చుట్టి ఒక పిస్టన్ పంపుతున్నా, ముందు దాన్ని చేతిలోకి తీసుకోండి. నా షాపులో విప్పిన పాత స్ప్లెండర్‌ది. పైన మసి గీకి పెట్రోలుతో కడిగాను కానీ రింగులు కూర్చునే గాడుల్లో నలుపు ఇంకా వదల్లేదు. పక్కన నిలువుగా సన్నటి గీతలు కనబడతాయి, గోటితో రాస్తే తగులుతాయి. ఆయిల్ మార్చకుండా నడిపిన బండి, అందుకే అట్లా గీసుకుపోయింది. ఇది ఆడే గొట్టం వెడల్పు, అంటే బోరు, 50 మిల్లీమీటర్లు. కవాసాకి నింజా జడ్‌ఎక్స్-25ఆర్‌లో ఒక్కో బోరు కూడా సరిగ్గా 50 మిల్లీమీటర్లే. మన ఊళ్లో పాలు పోసే ఆయన బండిలో ఒకటి ఉంటే, దాంట్లో అట్లాంటివి నాలుగు.

మరి స్ప్లెండర్ 8,000 ఆర్పీఎం దగ్గర, అంటే నిమిషానికి అన్ని తిప్పులు తిరిగేటప్పుడు, 8 పీఎస్ పవర్ ఇస్తుంటే, అది 15,500 దగ్గర 50 పీఎస్ ఎట్లా ఇస్తుంది? నాలుగు ఎనిమిదులు ముప్పై రెండే కదా! మిగతాది ఎక్కడి నుంచి వచ్చింది?

నానమ్మ రోట్లో కారం దంచడం మీరు చూశారు. రోకలి తల పైదాకా ఎత్తి దంచితే దెబ్బ గట్టిగా పడుతుంది కానీ నిమిషానికి ఎన్నో పడవు. జానెడే ఎత్తి దంచితే టకటకా పడతాయి. పిస్టన్ కూడా అంతే. పైకి పోయి ఆగాలి, కిందికి వచ్చి ఆగాలి. స్ప్లెండర్ పిస్టన్ నడిచే దూరం, అంటే స్ట్రోక్, 49.5 మిల్లీమీటర్లు. కవాసాకిలో 31.8 మాత్రమే. దూరం తగ్గింది కాబట్టే అన్నిసార్లు తిరగ్గలుగుతుంది. లెక్క కట్టి చూడండి. ఆ ఆర్పీఎంల దగ్గర స్ప్లెండర్ పిస్టన్ సగటున సెకనుకు 13 మీటర్లు పరుగెడితే కవాసాకిది 16 మీటర్ల పైచిలుకు. ఇంజను దాదాపు రెట్టింపు తిరుగుతున్నా పిస్టన్ పరుగు పెరిగింది పావు వంతే. చిన్న నాలుగు సిలిండర్ల బండ్ల కథంతా ఇక్కడే ఉంది. ఇది పట్టుకోకుండా ఏ తరం గొప్పదని వాదించుకుంటే తెల్లారేదాకా తెగదు.

పెద్దోడా, నువ్వు ఒక మాట తప్పు అన్నావు. "సీబీఆర్ 250 మన దగ్గర కూడా అమ్మారు, నువ్వే బాగు చేశావు కదా తాతా" అన్నావు. నేను బాగు చేసింది 2011లో మన దేశంలోకి వచ్చిన సీబీఆర్ 250ఆర్. దానికి ఒక్కటే సిలిండర్. బోరు 76, స్ట్రోక్ 55. మంచి బండి, నాకు ఇష్టమైన బండి, కానీ నువ్వు వీడియోలో చూసిన పాత 250 ఆర్ఆర్‌కు ఇది చుట్టం కూడా కాదు. పేరు ఒకటే కదా అని బండ్లను కలపకు. హోండావాళ్లు అదే పేరును ఒక సిలిండర్ బండికి, రెండు సిలిండర్ల బండికి, నాలుగు సిలిండర్ల బండికి పెట్టారు. ఫ్రేమ్ మీద కోడ్ చూడాలి. నువ్వు చూసింది ఎంసీ22, మన దగ్గర అమ్మింది ఎంసీ41.

ఆ పాత తరం పుట్టింది జపాన్‌లో, అక్కడి రూల్స్ వల్ల. 400 సీసీ దాటితే అప్పట్లో లైసెన్సు తెచ్చుకోవడం చాలా కష్టంగా ఉండేది. 250 లోపు బండికి ఆ దేశంలో ఖరీదైన ఫిట్‌నెస్ పరీక్ష లేదు. కుర్రాళ్లంతా ఆ రెండు తరగతుల మీద పడ్డారు. 1983లో సుజుకి జీఎస్250ఎఫ్‌డబ్ల్యూ తెచ్చింది, నాలుగు సిలిండర్లు, వాటర్ కూలింగ్. 1985లో యమహా ఎఫ్‌జడ్250 ఫేజర్ 14,500 దగ్గర 45 పీఎస్ చూపించింది. 250కి 45 దాటొద్దని కంపెనీలు తమలో తాము గీత గీసుకున్నాయి. అందరికీ అదే 45 అయ్యాక పోటీ ఆగలేదు, వేరే దారి పట్టింది. ఎవరి ఇంజను ఎంత పైకి తిరుగుతుంది, ఎవరి బండి తేలిక, ఎవరి ఫ్రేమ్ గట్టి. హోండా 1986లో ఎంసీ14, 1987లో ఎంసీ17, 1988లో ఎంసీ19, 1990లో ఎంసీ22 అంటూ దాదాపు ఏటా మార్చింది. 1989లో కవాసాకి జడ్‌ఎక్స్ఆర్250 వచ్చింది.

ఎంసీ22 మీటరులో ఇంతకు మించి తిప్పొద్దని చెప్పే ఎర్రగీత 19,000 ఆర్పీఎం దగ్గర మొదలవుతుంది. చిన్నమ్మా, నువ్వు నమ్మలేదు కానీ అది నిజమే. నాలుగు సిలిండర్లకూ కలిపి సెకనుకు 630కి పైగా పేలుళ్లు. మన స్ప్లెండర్ 6,000 దగ్గర 50. వీడియోలో విన్న ఆ కూత సైలెన్సర్ గొప్ప కాదు, ఈ లెక్క. దాంట్లో ఈల లాంటి ఇంకో శబ్దం కూడా కలిసి ఉంటుంది. స్ప్లెండర్‌లో టైమింగ్ చెయిన్ వదులైతే గరగరమనడం మీకు తెలుసు. హోండావాళ్లు ఆ బండిలో చెయినే పెట్టలేదు. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి వాల్వులు తెరిచే కామ్ షాఫ్టుల దాకా పళ్ల చక్రాలే. చెయినైతే సాగుతుంది, ఊగుతుంది. పళ్ల చక్రం సాగదు. ఖర్చు చూసుకోకుండా చేసిన పని అది. కొత్త కవాసాకిలో మళ్లీ చెయినే.

పాత తరంలో నేను చేత్తో ముట్టుకున్నది 250 కాదు, ఒక 400 సీసీ బండి. 1990ల్లో హైదరాబాద్‌లో పనిచేసేటప్పుడు షెడ్డుకు వచ్చింది. ఐడిలింగ్ నిలబడటం లేదు, కింద పికప్ లేదు. అంతకుముందు ఎవరో గాలి, పెట్రోలు కలిపే కార్బొరేటర్లు విప్పి స్క్రూలన్నీ అందాజుగా బిగించి పంపారు. నాలుగు కార్బొరేటర్లు ఒక వరుసలో ఉంటాయి, వాటి మధ్య సర్దే స్క్రూలు మూడు. చెక్క మీద నాలుగు గాజు గొట్టాలు నిలబెట్టి పాదరసం పోసి, ఒక్కో ఇన్‌టేక్‌కు ఒక్కో పైపు తగిలించాం. ఇంజను స్టార్ట్ చేయగానే పాదరసం నాలుగింటిలో నాలుగు ఎత్తులకు లేచింది. స్క్రూ డ్రైవర్ తిప్పినట్టా తిప్పనట్టా కదిలిస్తే ఒకటి దిగుతుంది, పక్కది లేస్తుంది. ఒకటి సర్దితే ఇంకోటి చెడుతుంది. మూడు రోజులు పట్టింది. మూడో రోజు సాయంత్రం నాలుగూ ఒకే గీత మీదికి వచ్చాయి. అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను ఒక్కసారి నున్నగా మారిపోయింది, ట్యాంకు మీద చెయ్యి పెడితే వణుకు తెలియలేదు. ఆ క్షణం నాకిప్పటికీ గుర్తుంది.

కొత్త తరంలో ఆ పని లేదు. ఎక్సలేటర్ తిప్పితే తీగ గాలి తలుపును లాగదు. నువ్వు అడిగావు అని కంప్యూటర్‌కు కబురు పోతుంది, ఎంత తెరవాలో అది చూసుకుంటుంది. వెనక చక్రం జారితే అదే తగ్గిస్తుంది. రెండు తరాల మధ్య నేను చూసే అసలు తేడా ఇదే. పవర్ చూస్తే 1985లో 45 పీఎస్, జపాన్‌లో తర్వాత 40కి దించారు, 2020లో జడ్‌ఎక్స్-25ఆర్ ఇండోనేషియాలో 50తో వచ్చింది. ముప్పై అయిదేళ్లకు పెరిగింది అయిదు. బరువు చూస్తే ఎంసీ22 పెట్రోలు, ఆయిలుతో కలిపి 157 కిలోల చుట్టూ, కొత్తది 180 దాటింది. బ్రేక్ వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, అల్యూమినియం బదులు ఇనుప ఫ్రేమ్, అన్నీ బరువే.

ఇంకో లెక్క చూడండి, నాకు చాలా నచ్చిన లెక్క. మన ఒక సిలిండర్ సీబీఆర్ 250ఆర్ టార్క్, అంటే తిప్పే బలం, 22.9 న్యూటన్ మీటర్లు, 7,000 ఆర్పీఎం దగ్గర. జడ్‌ఎక్స్-25ఆర్‌కు కూడా అదే 22.9, కానీ 14,500 దగ్గర. తిప్పే బలం ఒకటే, రెట్టింపు వేగంతో తిప్పుతుంది, అందుకే పవర్ 26 పక్కన 50. అంటే ఆ బలం కావాలంటే ఇంజన్ని అరిపించాలి. గడియారం సెంటర్‌లో ఆటోల మధ్య 4,000 దగ్గర నడిపితే సింగిల్ సిలిండరే హాయిగా లాగుతుంది.

జడ్‌ఎక్స్-25ఆర్ మన దగ్గర అమ్మలేదు. 2023లో దాని అన్న జడ్‌ఎక్స్-4ఆర్ వచ్చింది. 399 సీసీ, 14,500 దగ్గర 77 పీఎస్, అప్పటి షోరూం ధర 8 లక్షల 49 వేలు. చిన్నమ్మా, నీ గోడ మీది పోస్టర్ దీనిదే.

ఇక తీర్పు. ఇంజను విప్పి బల్ల మీద పరిచి చూడమంటే నేను ఎంసీ22నే చూస్తా. అంత చిన్న వస్తువులో అంత పనితనం మళ్లీ రాలేదు. పెద్దోడా, ఆ మాట వరకు నువ్వు గెలిచావు. కానీ మీలో ఎవరైనా నడుపుతారంటే కొత్తదే నడపమంటా. కోతల కాలంలో మిర్యాలగూడ రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. మలుపు తిరగ్గానే ముందర వడ్ల కుప్ప కనబడితే చెయ్యి దానంతటదే బ్రేక్ పిసుకుతుంది, చక్రం బిగుసుకుందంటే మనిషి కింద పడ్డట్టే. ఆ చోట మనిషిని నిలబెట్టేది ఏబీఎస్. పాత బండికి అది లేదు. దాని భాగాలు కూడా దొరకవు, కాగితాలు లేని బండ్లు ఎవరైనా చూపిస్తే ముట్టుకోకు.

పిస్టన్ భద్రం, సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురండి. జడ్‌ఎక్స్-4ఆర్ స్ట్రోక్ 39.1 మిల్లీమీటర్లు. 14,500 దగ్గర పిస్టన్ సెకనుకు ఎన్ని మీటర్లు పోతుందో ఇద్దరూ విడివిడిగా లెక్క కట్టి ఆదివారం ఫోన్ చేయండి. ఒక్కో తిప్పుకు స్ట్రోక్ రెండుసార్లు అని మరిచిపోకండి.

మీ తాత