బొమ్మ బాగుంది, మాటే రావడం లేదంటే

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మీ పిన్ని పెళ్లి, 2015 గోదావరి పుష్కరాలు, మన కోనసీమ ఊళ్లలో ఆడిన పద్యనాటకాలు అన్నీ బ్లూరే డిస్కుల్లోనే ఉన్నాయి కదా. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే కొన్నిటికి శబ్దం రావడం లేదని, కొన్నిటిలో పెదాల కదలికకీ మాటకీ పొంతన లేదని, అందుకే మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తున్నామని, అంటే వీడియోని కొత్తగా కుదించి రాస్తున్నామని ఫోన్‌లో చెప్పారు. ఆ పని కాస్త ఆపండి. శబ్దంలో తేడా ఉంటే బొమ్మని ముట్టుకోవాల్సిన అవసరం దాదాపు ఉండదు. ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ బొమ్మ కొంత నాణ్యత పోగొట్టుకుంటుంది, పోయింది మళ్లీ రాదు.

ముందు డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా హార్డ్ డిస్కులోకి దించుకోండి. స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కులకి మామూలుగా తాళం, అంటే కాపీ కాకుండా పెట్టే అడ్డు, ఉండదు కాబట్టి బీడీఎంవీ ఫోల్డర్ మొత్తం కాపీ అయిపోతుంది. అందులో స్ట్రీమ్ అనే ఫోల్డర్‌లో ఉండే ఎం2టీఎస్ ఫైళ్లే అసలు సరుకు. ఒక పొర డిస్కులో 25 జీబీ, రెండు పొరలదాంట్లో 50 జీబీ పడుతుంది. సినిమా కంపెనీల డిస్కుల సంగతి వేరు. వాటి తాళాలు తీయడం గురించి 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ చేర్చారు. నేను చెప్పేదంతా మన సొంత రికార్డింగుల గురించే. ఈ మొదటి కాపీని ఎప్పుడూ మార్చకండి. ఏ ప్రయోగమైనా దాని నకలు మీదే చేయండి.

అసలు శబ్దమే రాకపోతే కంగారుపడకండి. ఆ ఫైల్‌ని వీఎల్‌సీ ప్లేయర్‌లో పెట్టి చూడండి. అక్కడ వినిపిస్తే ఫైల్ బాగానే ఉంది, మీ ఫోన్‌కో టీవీకో ఆ ఆడియో చదవడం రాదు, అంతే. ఫైల్ వివరాలు చూపే మీడియాఇన్ఫో ప్రోగ్రాంలో తెరిస్తే ఆడియో ఏ రకమో తెలుస్తుంది. పెళ్లి డిస్కుల్లో ఎక్కువగా ఏసీ3 ఉంటుంది, దాన్నే డాల్బీ డిజిటల్ అంటారు. చాలా ఫోన్లు దాన్ని పలకవు. డీటీఎస్ అనే ఇంకో రకమైతే కొన్ని కొత్త టీవీలూ పలకవు. అప్పుడు ఫైళ్లని మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రాంలో వీడియోకి ‘కాపీ’ అని చెప్పి, ఆడియోని మాత్రం ఫోన్లు పలికే ఏఏసీ రకంలోకి మార్చండి. స్టీరియోకి 192 కేబీపీఎస్ చాలు. పాత ట్రాక్ తీసేయకండి, కొత్తదాన్ని దాని పక్కన చేర్చండి.

నాటకాల డిస్కులతో ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. హెడ్‌ఫోన్‌లో పద్యం వినిపిస్తుంది, ఫోన్ స్పీకర్‌లో పెడితే గొంతు మాయమై హార్మోనియం, జనం గోల మాత్రమే మిగులుతాయి. ఎడమ, కుడి చానళ్లలో ఒకే గొంతు ఒకదానికొకటి తలకిందులుగా రికార్డయితే ఇలా జరుగుతుంది. స్పీకర్ ఒక్కటే ఉన్నచోట రెండు చానళ్లూ కలుస్తాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. శబ్దాన్ని సరిదిద్దే ఆడాసిటీ ప్రోగ్రాంలో స్టీరియో ట్రాక్‌ని విడదీసి, ఒక చానల్‌ని ‘ఇన్వర్ట్’ చేస్తే గొంతు తిరిగొస్తుంది. అలాగే మైకు ఎడమ చానల్‌లోనే ఉండి, కుడివైపు కెమెరా గొణుగుడు తప్ప ఏమీ లేకపోతే, ఎడమదాన్నే రెండువైపులా పెట్టండి. వెనకాల ఆగకుండా ‘బూ’ మని మోగేది కరెంటు హోరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆడాసిటీలోనే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని సన్నగా కత్తిరిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎక్కువ కోయకండి, గొంతులో బరువు పోతుంది. సౌండ్ మరీ పెంచి రికార్డు చేయడం వల్ల పగిలిపోయిన గొంతుని మాత్రం పూర్తిగా బాగుచేయలేం.

ఇక పెదాలకీ మాటకీ పొంతన కుదరని సంగతి. కాలవ అవతలి గట్టున బట్టలు ఉతికేవాళ్లని చూస్తే దెబ్బ ముందు కనిపించి చప్పుడు తర్వాత వస్తుంది. అందుకే శబ్దం కొంచెం ఆలస్యమైతే మనం ఓర్చుకుంటాం, ముందొస్తే వెంటనే పట్టేస్తాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ఐటీయూ లెక్క ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా తెలిసిపోతుంది, ఆలస్యమైతే 125 దాకా వెళ్లాకే తెలుస్తుంది. తేడా చూడటానికి ముఖాల్ని నమ్ముకోకండి. గట్టిమేళంలో డోలు మీద కర్ర పడే చోటు చూడండి. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చూడాలి. రెండుచోట్లా తేడా ఒకటే అయితే ట్రాకుల్ని కలిపే ఎంకేవీటూల్‌నిక్స్ ప్రోగ్రాంలో ఆడియో ట్రాక్‌కి డిలే, అంటే జరపాల్సిన మిల్లీసెకన్లు, ఇవ్వండి. మాట ముందొస్తుంటే ప్లస్, ఆలస్యమైతే మైనస్.

మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే డిలేతో పని జరగదు. ఎక్కడో వేగం తప్పుగా రాశారని అర్థం. మన పెళ్లి వీడియోలు సెకనుకి 25 ఫ్రేములవి. ఆడియో నుంచి విడదీసిన వీడియోని మళ్లీ కలిపేటప్పుడు పొరపాటున 23.976 అని పెడితే గంట బొమ్మ 62 నిమిషాలు దాటుతుంది, ఆడియో మాత్రం గంటకే అయిపోతుంది. ఫ్రేమ్ రేటు సరిచేసి మళ్లీ కలపండి, ఎన్‌కోడ్ అక్కర్లేదు. శృతి కూడా మారినట్టుంటే శాంపుల్ రేటు, అంటే సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలిచి రాశారో ఆ లెక్క, చూడండి. 44.1 కిలోహెర్ట్జ్‌లో రికార్డయినదాన్ని 48గా చదివిస్తే గంట పాట 55 నిమిషాల్లో ముగుస్తుంది, శృతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. సంగీతం నేర్చుకుంటున్న అమ్మాయికి వినిపించండి, ఇట్టే చెప్పేస్తుంది.

మధ్యమధ్యలో టక్కుమని ఆగడం, బొమ్మలో గళ్లు పడటం సెట్టింగుల వల్ల కాదు, డిస్కు సరిగా చదవకపోవడం వల్ల. బ్లూరేలో సమాచారం ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది, డీవీడీలో అయితే 0.6. అందుకే మురికీ గీతలూ తొందరగా బాధిస్తాయి. మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. వేరే డ్రైవ్‌లో, తక్కువ వేగంతో ప్రయత్నించండి. మన డెల్టా తేమకి ఇక్కడున్న డిస్కుల మీద బూజు కూడా పడుతోంది, కవర్లలో సిలికా జెల్ పొట్లాలు వేశాను.

ఫోన్‌కి చిన్న ఫైల్ కావాలంటే అప్పుడు ఎన్‌కోడ్ చేయండి. ఎన్‌కోడ్ చేసే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాంలో నాణ్యత అంకె ఆర్ఎఫ్‌ని 20 దగ్గర మొదలుపెట్టండి, అంకె తగ్గేకొద్దీ నాణ్యతా సైజూ పెరుగుతాయి. కదిలే చేతుల చుట్టూ అడ్డగీతలు కనిపిస్తే అది ఇంటర్‌లేస్డ్ వీడియో, అంటే ఒక్కో బొమ్మని వరస విడిచి వరసగా రెండు సగాలుగా తీసింది, డీఇంటర్‌లేస్ పెట్టాలి. దీపాల వెలుగులో తీసిన చోట గోడల మీద రంగు పట్టీలు పడితే ఎన్‌కోడర్‌గా రంగుల మెట్లు ఎక్కువుండే ఎక్స్265 10 బిట్ వాడండి. మొత్తం కాకుండా ముందు రెండు నిమిషాల ముక్క చేసి, ఫోన్‌లో, టీవీలో, హెడ్‌ఫోన్‌లో చూసి, విన్నాకే మిగతాది మొదలుపెట్టండి.

నాటకాల డిస్కులు మొదట పట్టుకోండి. అందులో పద్యాలు పాడినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు, పెళ్లి డిస్కులకి ఇంకెవరి దగ్గరైనా కాపీ ఉంటుంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు బయట తగిలించే బ్లూరే డ్రైవ్, ఖాళీ హార్డ్ డిస్కులు రెండు తెండి. ఒకటి ఇక్కడ ఉంచుదాం, ఇంకోటి మీరు పట్టుకెళ్లండి.

ఇట్లు,
మీ తాతయ్య