డ్రాఫ్ట్‌లో ముందు ఏ పొజిషన్? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ వస్తే చాలు, డల్లస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో మనవాళ్ళు నలుగురు చేరిన చోటల్లా ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ గొడవే. కాలేజీ ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. "అన్నా, ఈసారి మన కౌబాయ్స్ ఎవర్ని తీసుకుంటే మంచిది? కార్నరా, రిసీవరా?" అని నన్ను పట్టుకుంటారు. కౌబాయ్స్ అంటే డల్లస్ జట్టు. రిసీవర్ విసిరిన బంతి పట్టేవాడు, కార్నర్ (కార్నర్‌బ్యాక్) అతన్ని పట్టనీయకుండా అడ్డుకునేవాడు. కాలేజీ ఆటగాళ్ళ వీడియోలు చూసి డ్రాఫ్ట్ రిపోర్టులు రాయడం నా ఉద్యోగం మరి. ప్రశ్నతో నాకు పేచీ లేదు. అడిగేవాళ్ళు జవాబు కూడా వెంటబెట్టుకుని వస్తారే, దానితోనే.

ముందు ఒక సంగతి. ఐపీఎల్ వేలం చూసే కళ్ళతో డ్రాఫ్ట్‌ను చూస్తే లెక్క తప్పుతుంది. వేలంలో ధర పాటలో తేలుతుంది. ఇక్కడ పాట లేదు. 32 జట్లు, ఏడు రౌండ్లు, కిందటి ఏడాది అడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం. ఎన్నో పిక్‌లో (వంతులో) వచ్చాడన్నదాన్ని బట్టే కుర్రాడి జీతం దాదాపు ఖాయమైపోతుంది. ఇది మొదటినుంచీ ఇలా లేదు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్ళకు 78 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు రాయించుకున్నాడు, అందులో 50 మిలియన్లు గ్యారంటీ. ఆ మరుసటి ఏడాది ఆటగాళ్ళ సంఘంతో కొత్త ఒప్పందం కుదిరింది. 2011 మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్ళకు 22 మిలియన్లే వచ్చాయి. ఇప్పుడు పన్నెండో పిక్‌లో గార్డును (లైన్ లోపలివైపు నిలబడి ఎదుటివాళ్ళను ఆపేవాణ్ణి) తీసుకున్నా, ఎడ్జ్ రషర్‌ను (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి అంచునుంచి దూకేవాణ్ణి) తీసుకున్నా జట్టుకు పడే ఖర్చు ఒకటే. బయట మార్కెట్లో మాత్రం ఆ ఇద్దరి ధరకూ పొంతనే ఉండదు.

అపోహ: జట్టులో ఖాళీ ఎక్కడుంటే ముందు అక్కడికే తీసుకోవాలి.

ఖాళీ ఈ ఏడాదిది, కాంట్రాక్టు నాలుగేళ్ళది. 2020లో కౌబాయ్స్‌కు రిసీవర్ అక్కర్లేదని అందరూ అన్నారు. మార్చిలోనే అమారీ కూపర్‌కు ఐదేళ్ళకు 100 మిలియన్లు రాసిచ్చారు, పక్కన మైకేల్ గ్యాలప్ ఉన్నాడు. అసలు కన్నం డిఫెన్స్‌లో. కార్నర్‌బ్యాక్ బైరన్ జోన్స్ మయామీ వెళ్ళిపోయాడు. అయినా 17వ పిక్ దాకా సీడీ ల్యాంబ్ మిగిలి ఉండేసరికి అతన్నే తీసుకున్నారు. కార్నర్‌ను రెండో రౌండ్‌లో, 51వ పిక్‌లో తెచ్చుకున్నారు. అతను ట్రెవాన్ డిగ్స్, 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో (ఎదుటివాళ్ళు విసిరిన బంతిని మధ్యలో పట్టేయడం) లీగ్‌లోనే మొదటివాడు. 2022లో కూపర్‌ను పంపించేశాక ల్యాంబ్ నంబర్ వన్ అయ్యాడు. 2023లో 135 క్యాచ్‌లతో అతనిదీ లీగ్‌లో మొదటి స్థానమే.

2021లో మళ్ళీ కార్నరే కావాలి. పదో పిక్ చేతిలో ఉంది. సరిగ్గా ఎనిమిదిలో జేసీ హార్న్, తొమ్మిదిలో ప్యాట్రిక్ సర్టన్ వెళ్ళిపోయారు. కొంపలు మునిగినట్టు మూడో కార్నర్ వెంట పడకుండా, ఫిలడెల్ఫియాతో మాట్లాడుకుని పన్నెండుకు దిగి, మూడో రౌండ్ పిక్ ఒకటి అదనంగా పుచ్చుకుని మైకా పార్సన్స్‌ను తీసుకున్నారు. మొదటి ఏడాదే 13 శాక్‌లు, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను బంతి విసరకముందే పడేయడాలు. ఇది తెలివి అని కొందరంటారు. హార్నో, సర్టనో మిగిలి ఉంటే పార్సన్స్ డల్లస్‌కు వచ్చేవాడే కాదని నా అనుమానం.

అపోహ: పొజిషన్ చూడొద్దు, ఉన్నవాళ్ళలో బాగా ఆడేవాణ్ణి తీసుకుంటే చాలు.

పైదాన్ని తిరగేస్తే ఇది. వినడానికి బాగుంటుంది. గార్డుల్లో అందరికన్నా మంచివాడు, కార్నర్లలో మూడోవాడు, వీళ్ళిద్దరిలో "బాగా ఆడేవాడు" ఎవరు? దానికి పొజిషన్ విలువ వేయక తప్పదు. జట్ల బోర్డు మీద పేర్లు వరసగా ఒకటే జాబితాలా కనిపిస్తాయి, ఆ వరసలో పొజిషన్ లెక్క అప్పటికే కలిసిపోయి ఉంటుంది.

అపోహ: రన్నింగ్ బ్యాక్‌ను (బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి) మొదటి రౌండ్‌లో తీసుకోవడమే తప్పు.

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఇందులో సగం నిజం కాబట్టే ఇది ప్రమాదం.

2016 డ్రాఫ్ట్, నాలుగో పిక్ కౌబాయ్స్‌ది. ఎజికియెల్ ఎలియట్‌ను తీసుకున్నారు. ఐదో పిక్‌లో జాక్సన్‌విల్ కార్నర్‌బ్యాక్ జేలెన్ రామ్సీని తీసుకుంది. ఎలియట్ ఏం తక్కువ ఆడలేదు. మొదటి ఏడాదే 1,631 గజాలతో లీగ్‌లో మొదటివాడు, జట్టు 13 గెలిచి 3 ఓడింది. 2018లో మళ్ళీ అతనే మొదటి స్థానం. ఇక ఆట పక్కనపెట్టి ధర చూడండి. ఎలియట్ కాంట్రాక్టు నాలుగేళ్ళకు దాదాపు 25 మిలియన్లు, అంటే అప్పటికే లీగ్‌లో ఉన్న రన్నింగ్ బ్యాక్‌లలో చాలామందికన్నా ఎక్కువ. కుర్రాడికి మొదటిరోజే సీనియర్ జీతం ఇచ్చినట్టు. జట్టుకు మిగిలిందేమిటి? రామ్సీకి వచ్చిందీ ఇంచుమించు అంతే. కానీ అదే ఏప్రిల్‌లో వాషింగ్టన్ జట్టు కార్నర్ జాష్ నార్మన్‌కు ఐదేళ్ళకు 75 మిలియన్లు, ఏడాదికి 15 చొప్పున ఒప్పుకుంది. రామ్సీ ఏడాదికి ఆరు మిలియన్ల లోపే ఆడాడు. 2019లో అతన్ని ఇచ్చి జాక్సన్‌విల్ రెండు మొదటి రౌండ్ పిక్‌లు తెచ్చుకుంది. అదే ఏడాది డల్లస్ ఎలియట్‌తో 90 మిలియన్లకు ఆరేళ్ళ పొడిగింపు రాసుకుంది. 2023 మార్చిలో వదిలేసింది.

ఇంత చెప్పాక "చూశారా, ఎప్పుడూ తీసుకోకూడదు" అంటే మాత్రం నేనొప్పుకోను. 2023లో డెట్రాయిట్ లయన్స్ పన్నెండో పిక్‌లో రన్నింగ్ బ్యాక్ జమీర్ గిబ్స్‌ను, పద్దెనిమిదిలో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నిలబడేవాడు) జాక్ క్యాంప్‌బెల్‌ను తీసుకుంటే మావాళ్ళంతా నవ్వారు. రెండూ చవక పొజిషన్లేనని. రెండో రౌండ్‌లో టైట్ ఎండ్ (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు) శామ్ లపోర్టా, డిఫెన్స్‌కు బ్రయాన్ బ్రాంచ్. ఆ ఏడాదే ఆ జట్టు ఎన్‌ఎఫ్‌సీ (లీగ్‌లో సగం జట్లున్న విభాగం) ఫైనల్ దాకా వెళ్ళి, శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో మూడు పాయింట్ల తేడాతో ఓడింది. వాళ్ళకు అప్పటికే ఆఫెన్సివ్ లైన్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడుతూ పరిగెత్తేవాడికి దారి చేసే వరస, గట్టిగా ఉంది. సాక్వాన్ బార్క్‌లీ సంగతీ అంతే. న్యూయార్క్ జెయింట్స్ 2018లో రెండో పిక్‌లో తీసుకుంది, ఆ జట్టులో అతనికి దారి చూపే లైన్ లేదు. 2024లో ఫిలడెల్ఫియా వెళ్ళి ఆ లైన్ వెనక 2,005 గజాలు పరిగెత్తి, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. రన్నింగ్ బ్యాక్ చివర కొనాల్సిన సామాను. ఇల్లు కట్టకముందే ఫ్రిజ్ కొంటేనే చిక్కు.

అపోహ: క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాళ్ళు ముందు, బంతి పట్టేవాళ్ళు తర్వాత.

2021 సిన్సినాటి డ్రాఫ్ట్ మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది. అంతకుముందు నవంబరులో ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు పోయింది. ఐదో పిక్‌లో టాకిల్ (లైన్ చివర నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడేవాడు) పెనే సూయెల్‌నా, రిసీవర్ జామార్ చేజ్‌నా? చేజ్‌నే తీసుకున్నారు. అతను 1,455 గజాలు, 13 టచ్‌డౌన్లు చేశాడు, జట్టు సూపర్ బౌల్‌కు వెళ్ళింది. అక్కడ ఎదుటివాళ్ళు బరోను ఏడుసార్లు పడేశారు, సిన్సినాటి 23-20తో ఓడింది. రెండువైపుల వాళ్ళూ ఆ ఒక్క ఆటనే సాక్ష్యం తెచ్చుకుంటారు. సూయెల్ డెట్రాయిట్‌లో 2023, 2024లలో ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్‌లో మేటివాళ్ళ జాబితా) అయ్యాడు.

నన్నడిగితే ఐదో పిక్‌లో పొరపాటేమీ లేదు. రిసీవరైనా టాకిలైనా మార్కెట్లో ఖరీదే. చిక్కు రెండో రౌండ్‌లో వచ్చింది. 38 నుంచి 46కు దిగి జాక్సన్ కార్మన్ అనే లైన్‌మన్‌ను తెచ్చారు, అతను నిలదొక్కుకోలేకపోయాడు. "ముందు ఎవరు" అని అడిగేటప్పుడు "తర్వాతి రౌండ్‌లో ఏ పొజిషన్ ఇంకా మిగులుతుంది" అని కూడా అడగాలి. టీవీలో ఆ రెండో ప్రశ్న ఎవరూ వేయరు.

అపోహ: కాలేజీలో ఏ పొజిషనో, ఇక్కడా అదే పొజిషన్.

జాక్ మార్టిన్ నోటర్ డేమ్‌లో లెఫ్ట్ టాకిల్, డల్లస్‌లో ఏళ్ళ తరబడి లీగ్‌లోనే మేటి గార్డు. టాకిల్ వీడియో చూసేటప్పుడు బంతి కదలగానే అతని మొదటి రెండు అడుగులు వెనక్కి తిప్పి తిప్పి చూస్తాను. బయటినుంచి వచ్చే రషర్‌కు ఎదురుగా ఉంటూనే వెనక్కి జారుతున్నాడా, లేక నడుం తిప్పేసి వెంటపడుతున్నాడా? తిప్పేస్తున్నాడంటే రిపోర్టులో పక్కన "గార్డు" అని రాస్తాను. చేతుల పొడవు తర్వాతి మాట. 2025లో విల్ క్యాంప్‌బెల్ చేతులు కంబైన్‌లో (డ్రాఫ్ట్ ముందు జరిగే కొలతలు, పరీక్షలు) 33 అంగుళాలకు కొంచెం తక్కువ తేలాయని ఊరంతా గోల చేశారు. న్యూ ఇంగ్లాండ్ నాలుగో పిక్‌లో తీసుకుని లెఫ్ట్ టాకిల్‌గానే నిలబెట్టింది.

అపోహ: క్వార్టర్‌బ్యాక్ లేకపోతే ఎన్ని పిక్‌లైనా ఇచ్చి వరసలో పైకెక్కి తీసుకోవాలి.

2021 మొదటి రౌండ్‌లో ఐదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్ళారు. 2024 ఏప్రిల్ ముగిసేసరికి ట్రెవర్ లారెన్స్ తప్ప మిగతా నలుగురినీ తీసుకున్న జట్లే వేరేచోటికి పంపించేశాయి. వాళ్ళలో ట్రే లాన్స్ కోసం శాన్ ఫ్రాన్సిస్కో మూడు మొదటి రౌండ్ పిక్‌లు ధారపోసింది. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర, 262వ పిక్‌లో వచ్చిన బ్రాక్ పర్డీ ఆ జట్టును సూపర్ బౌల్‌కు తీసుకెళ్ళాడు. అలాగని చివరి రౌండ్ దాకా ఆగమని కాదు, పర్డీలు ఏటా దొరకరు. పొజిషన్ విలువ ఎంత పెద్దదైనా ఆటగాడి మీద గురి కుదరనప్పుడు ఆ విలువ జట్టుకు రాదు.

అపోహ: కిక్కర్ (బంతిని తన్ని ఫీల్డ్ గోల్స్ కొట్టేవాడు) కోసం ఒక మంచి పిక్ ఖర్చుపెట్టొచ్చు.

వద్దు. 2016లో ట్యాంపా బే రెండో రౌండ్‌లో పైకెక్కి మరీ రాబర్టో అగ్వాయోను తీసుకుంది, ఒక్క సీజన్ ఆడించి వదిలేసింది. మన ప్లేనో కుర్రాడు బ్రాండన్ ఆబ్రీని ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. సాకర్ ఆడాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా చేశాడు, 2023లో కౌబాయ్స్‌లో చేరి మొదటి 35 ఫీల్డ్ గోల్స్ వరసపెట్టి కొట్టాడు.