కొత్త క్యారవాన్ కొన్నవాళ్ళు నమ్మే అపోహలు - షెడ్డులో కనిపించే వాస్తవాలు

కర్నూలులో బళ్ళారి చౌరస్తా దాటాక ఉన్న మా షెడ్డులో ఒకప్పుడు లారీ బాడీలు, ట్రాక్టర్ ట్రాలీలే పని. ఇప్పుడు క్యారవాన్లు కూడా వస్తున్నాయి. వ్యాను ఛాసిస్ మీద పడకలు, వంటగట్టు, బాత్రూమ్ పెట్టి కట్టినవి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కట్టించుకుని గండికోటకో బెలూం గుహలకో బయల్దేరి, దారిలో ఏదో ఊడితే మా దగ్గర ఆగుతారు. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ ఇంకా తీసి ఉండరు, లోపలికి ఎక్కితే నానిన చెక్క వాసన. కట్టినవాళ్ళకు ఫోన్ చేస్తే "తీసుకురండి సార్, చూద్దాం" అంటారు. రెండోసారి ఎత్తరు. ఓనర్లు మాతో చెప్పే మాటలు ఇంచుమించు ఒకటే. వాటిలో చాలావరకు అపోహలు, అవన్నీ బాడీ కట్టినవాడికే పనికొస్తాయి.

అపోహ: కొత్త బండి కదన్నా, నీళ్ళు ఎట్లా దిగుతాయి?

వాస్తవం: పాతబడి కారే బండ్లకంటే కట్టిన రోజు నుంచే కారే బండ్లు మాకు ఎక్కువ వస్తాయి. క్యారవాన్ రూఫ్‌కు ఉన్నన్ని రంధ్రాలు మామూలు వ్యానుకు ఉండవు. సోలార్ ప్యానెల్ బ్రాకెట్లు, ఏసీ, గాలి వెంట్, పక్కన గొడుగు బిగించే పట్టీలు, అన్నిటికీ స్క్రూలు దిగుతాయి.

దానికి తోడు మన ఎండ. 6 మీటర్ల అల్యూమినియం షీటు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడెక్కితే 5 మిల్లీమీటర్ల పైనే సాగుతుంది. కింద ఉన్న ఇనుప ఫ్రేము అందులో దాదాపు సగమే సాగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో ఎండలో నిలబెట్టిన బండికి రోజూ ఇదే సాగడం, ముడుచుకోవడం. జాయింట్‌లో గట్టిపడే పుట్టీ పెడితే ఒక్క వేసవిలో పగులుతుంది. అక్కడ సాగే గుణం ఉన్న పాలీయురేథేన్ సీలెంట్ వాడాలి. వెనిగర్ వాసన కొట్టే చవక సిలికాన్ అయితే ఇంకా అన్యాయం, అది లోహాన్నే తింటుంది.

ఈ మధ్య వచ్చిన ఒక బండి రూఫ్ ఎక్కి చూశాం. సోలార్ బ్రాకెట్ కింద సీలెంట్ అనేదే లేదు. స్క్రూలు నేరుగా షీటులోకి దింపి, తలల మీద మాత్రం బొట్టు పెట్టినట్టు కాస్త సిలికాన్ అంటించారు. లోపల పై అల్మారా పలక విప్పితే ప్లైవుడ్ అంచు నల్లబడి ఉంది, వేలితో నొక్కితే వేలు దిగింది. ప్లై మీద ఉన్న భారత ప్రమాణం ముద్ర ఐఎస్ 303, ఎం.ఆర్. గ్రేడ్. ఇళ్ళల్లో తడి తగలని చోట వాడే రకం. ఓనర్ దగ్గరున్న కొటేషన్‌లో రాసింది తడిని తట్టుకునే మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 ముద్ర ఉండాలి. ఆ ముద్రను, ఆ కొటేషన్‌ను పక్కపక్కన పెట్టి ఫొటో తీయించాం. లీకు గురించి ఎన్నయినా వాదించొచ్చు గానీ ఆ ఫొటోకు ఎదురు చెప్పడం కష్టం.

అందుకే డెలివరీ రోజు వాళ్ళ షెడ్డులోనే పైపుతో నీళ్ళు కొట్టించండి. కింది జాయింట్ల దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి, అప్పుడే ఏ జాయింట్ కారుతోందో తెలుస్తుంది. కనీసం అరగంట. ఆ తర్వాత అల్మారాల మూలలు, కిటికీల కింద, పడక కింద టిష్యూ పేపర్‌తో అద్ది చూడండి. ఎండాకాలంలో బండి తీసుకుని, లీకు సంగతి సెప్టెంబర్ వానల్లో తెలుసుకున్నవాళ్ళు మా దగ్గర చాలామంది.

అపోహ: ఆర్టీవో రిజిస్ట్రేషన్ చేశాడంటే బండి బాగున్నట్టే.

వాస్తవం: మోటార్ క్యారవాన్లకు మన దేశంలో ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. ఏఆర్ఏఐ, ఐక్యాట్ లాంటి వాహన పరీక్ష సంస్థలు ఆమోదం ఇచ్చేది నమూనా బండికి. మీ బండిలో రివిట్లు సరిగ్గా కొట్టారా, సింకు కింద పైపు బిగించారా అని ఎవరూ చూడరు. రిజిస్ట్రేషన్ కాగితం రోడ్డు మీద తిరగడానికి అనుమతి, అంతవరకే.

ఇంకో సంగతి. ముందే రిజిస్టర్ అయిన వ్యానును తెచ్చి "దీన్నే క్యారవాన్ చేసియ్యప్పా" అనేవాళ్ళు ఉన్నారు. అనుమతి లేకుండా బండి రూపం మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం. 182ఏ సెక్షన్ కింద ఓనర్‌కు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఆ పని చేసిచ్చిన షెడ్డువాడు అప్పటికి ఫోన్ నంబరు మార్చేసి ఉంటాడు.

అపోహ: బరువుంటే గట్టి బండి.

వాస్తవం: మందం షీటు, గ్రానైట్ వంటగట్టు చూసి మురిసిపోతారు. ఛాసిస్‌కు ఒక మొత్తం బరువు పరిమితి ఉంటుంది. 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితేనే 100 కిలోలు. ఇన్వర్టర్, బ్యాటరీలు, ఏసీ, సామాన్లు, ఆరుగురు మనుషులు కలిస్తే ఆ పరిమితి ఎప్పుడో దాటిపోతుంది. వెనక ఇరుసు దాటి వేలాడే భాగం ఇరుసుల మధ్య దూరంలో 60 శాతం మించకూడదని నిబంధన. బాత్రూమ్, నీళ్ళ ట్యాంకు రెండూ ఆ వెనక భాగంలోనే పెట్టిన బండ్లను చూశాం. ఘాట్ రోడ్డులో స్టీరింగ్ తేలిపోతోందని డ్రైవర్ చెబితే ఓనర్ నమ్మలేదట.

బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాళ్ళ ఫ్యాక్టరీల పుణ్యమా అని మనకు కాటాలకు కరువు లేదు. ట్యాంకులు నింపి, మనుషుల్ని ఎక్కించి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఇంకోసారి తూకం వేయించండి. ఆ చీటీ పారేయకండి.

అపోహ: వైరింగ్ లోపల ఉంటుంది, మనకేం తెలుస్తుంది?

వాస్తవం: తెలుస్తుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉందా, షీటు రంధ్రంలోంచి వైరు వెళ్ళే చోట గ్రోమెట్ అనే రబ్బరు రింగు ఉందా, 230 వోల్టుల లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్, ఉందా. ఈ మూడూ టార్చిలైటుతో చూడగలిగినవే. గ్రోమెట్ లేకపోతే బండి అదురుడుకు షీటు అంచు వైరు తొడుగును కోసేస్తుంది. గ్యాస్ అరలో నేలమట్టంలో బయటికి రంధ్రం ఉండాలి, ఎందుకంటే ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందే నిలుస్తుంది. లీకు సబ్బు నురగతోనే చూడాలి, అగ్గిపుల్లతో చూసే వీరులు ఇంకా ఉన్నారు.

2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గరి చిన్నటేకూరు వద్ద హైవే మీద స్లీపర్ బస్సు కాలిపోయాక, లోపల వాడిన ఫోమ్, రెగ్జిన్ ఎలాంటివని జనం అడుగుతున్నారు. ఆ ప్రమాదం బైకుతో మొదలైంది, కారణం వేరు. కానీ అడగడం మంచిదే. లోపలి మెటీరియల్ మంట అంటుకునే గుణాన్ని పరీక్షించే ఐఎస్ 15061 ప్రమాణానికి సరిపోతుందని బిల్లు మీద రాయించుకోండి.

అపోహ: నచ్చకపోతే 30 రోజుల్లో వాపసు ఇచ్చేయొచ్చు, యూట్యూబ్‌లో చూశాను.

వాస్తవం: మీరు చూసింది బ్రిటన్ వీడియో. అక్కడ 2015 వినియోగదారుల హక్కుల చట్టం లోపమున్న వస్తువును 30 రోజుల్లో తిరస్కరించే హక్కు ఇస్తుంది. మన దగ్గర నచ్చలేదని వాపసు ఇచ్చే హక్కు లేదు గానీ, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. నాసిరకం పని మాత్రం మన దగ్గరే ఉందనుకోకండి. ఆస్ట్రేలియాలో అక్కడి వినియోగదారుల సంస్థ ఏసీసీసీ 2022లో కొత్త క్యారవాన్ల మీద నివేదిక ఇచ్చింది. సర్వేకు జవాబిచ్చిన కొనుగోలుదారుల్లో 80 శాతం మంది తమ బండిలో సమస్య వచ్చిందనే చెప్పారు.

అపోహ: ఛాసిస్ పెద్ద కంపెనీది, అన్నీ వాళ్ళే చూసుకుంటారు.

వాస్తవం: అసలు ఆట ఇక్కడే మొదలవుతుంది. రూఫ్ కారితే ఛాసిస్ కంపెనీ "బాడీ మాది కాదు" అంటుంది. ఏసీ ఆగితే బాడీ బిల్డర్ "ఏసీ కంపెనీని అడగండి" అంటాడు. ఏసీ కంపెనీవాడొచ్చి "వైరింగ్ తప్పు, వారంటీ రాదు" అని రాసిచ్చిపోతాడు. ముగ్గురి మధ్య ఓనర్ తిరుగుతుంటే వారంటీ గడువు అయిపోతుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తయారీదారు అంటే సొంతంగా చేసినవాడే అని లేదు, ఇతరులు చేసిన భాగాలను బిగించి వస్తువుగా కూర్చినవాడూ తయారీదారే. బాడీ బిల్డర్ ఆ లెక్కలోకి వస్తాడు. కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వేసే ఫిర్యాదులో ఎవరిది తప్పో మీరు తేల్చాల్సిన పని లేదు. సంబంధమున్న ముగ్గురినీ ఎదుటి పార్టీలుగా చేర్చండి, ఒకడి మీద ఒకడు అక్కడే చెప్పుకుంటారు.

రిపేరుకు ముందు కూడా ఒక జాగ్రత్త. మా షెడ్డుకు తెచ్చి "వెంటనే సరిచేయన్నా" అంటే మేం మొదట ఆపుతాం. లోపాన్ని ఫొటో, వీడియో తీసి, కట్టినవాడికి ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు పంపి, గడువు ఇచ్చాకే చేయి పెడతాం. మేం సీలెంట్ గీకేశాక పాత పనికి సాక్ష్యం ఏదీ మిగలదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టి ఫిర్యాదు చేశామనుకునేవాళ్ళే ఎక్కువ.

అపోహ: కోర్టంటే లాయరు, బెంగళూరు తిరుగుడు, పదేళ్ళు.

వాస్తవం: బాడీ ఎక్కడ కట్టినా, మీరు ఉండే చోట ఫిర్యాదు వేయొచ్చు. కర్నూలు, అనంతపురం, కడపల్లో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే అక్కడే, దాటితే 2 కోట్ల దాకా విజయవాడలోని రాష్ట్ర కమిషన్. 20 నుంచి 50 లక్షల బండికి ఫీజు 1,000 రూపాయలు. లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. దానికన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కొన్ని కంపెనీలు అక్కడికే దిగొస్తాయి.

గడువు మాత్రం కచ్చితం, వివాదానికి కారణం పుట్టిన రెండేళ్ళలోపు వేయాలి. చట్టం చెప్పేది ఎదుటివాళ్ళకు నోటీసు అందాక 3 నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే 5 నెలల్లో తేల్చాలని. ఆచరణలో ఆలస్యం అవుతుంది, దాచడమెందుకు. ఆటోమొబైల్ ఇంజినీరు లేదా లైసెన్సున్న మోటార్ సర్వేయర్ రిపోర్టు జత చేస్తే మాత్రం కేసు తొందరగా కదులుతుంది.

బండి మొత్తం మార్చివ్వాలని పట్టుబట్టేవాళ్ళకు ఒక మాట. వారంటీలో భాగం మార్చే హామీ మాత్రమే ఉంటే కారు మొత్తం మార్చమనడం కుదరదని 2006లోనే ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. లోపం సరిచేయడం, రిపేరు ఖర్చు, నష్టపరిహారం ముందు అడిగి, ధర వాపసును ప్రత్యామ్నాయంగా పెట్టండి. లోపం వల్ల మనిషికి దెబ్బ తగిలితే దానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే ఉత్పత్తి బాధ్యత అనే అధ్యాయం వేరే ఉంది. బండికే జరిగిన నష్టం దాని కిందికి రాదు.

అపోహ: కిరాయికి తిప్పితే వినియోగదారుడు కాడు.

వాస్తవం: పది బండ్లు పెట్టి వ్యాపారం చేసేవాడికి ఈ చిక్కు ఉంటుంది. స్వయం ఉపాధి కోసం, బతుకుదెరువుకు ఒక బండి కొని తానే నడుపుకునేవాడు వినియోగదారుడే. ఆ సంగతి ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయాలి, తర్వాత గుర్తొస్తే ఎదుటి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

కేసు నడుస్తుండగా రాజీకి పిలిస్తే వెళ్ళండి, మంచిదే. కాకపోతే "ఫ్రీగా చేసిస్తాం" అన్న మాటతో కేసు వెనక్కి తీసుకోవద్దు. ఏ జాయింట్, ఏ మెటీరియల్, ఏ తేదీలోపు, బండి తీసుకెళ్ళే డీజిల్ ఖర్చు ఎవరిది, రిపేరు అయ్యాక మళ్ళీ నీళ్ళు కొట్టి చూసేది ఎవరి ఎదుట, వారంటీ ఏ తేదీ నుంచి లెక్క, ఇవన్నీ రాసుకుని కమిషన్ ముందే సంతకాలు పెట్టించండి.