ఆలస్యంగా అందే అమృతం

బరంపురంలో మా మేడమీద గదిలో వాల్వులతో (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాలతో) ఆంప్లిఫయరు కట్టి మొదటిసారి స్విచ్చి వేసిన రాత్రి, పాట ఇంకా పెట్టనేలేదు, స్పీకరు కాగితం కదలడం మొదలుపెట్టింది. ముందుకీ వెనక్కీ, సెకనుకు రెండుసార్లు, పరిగెత్తి వచ్చినవాడి రొమ్ములా. కాసేపటికి దబ్‌దబ్‌మని చప్పుడు. గోపాల్‌పూర్ తీరంలో మన తెలుగు జాలర్ల బోటు దూరంగా వెళ్తుంటే వినిపిస్తుందే, అచ్చం అలాగే. ఈ జబ్బుకు పేరు కూడా మోటార్‌బోటింగే.

సెట్టు చిన్నదే. ఒక ఈసీసీ83 వాల్వు, దాని రెండు సగాలూ సంకేతాన్ని పెంచే రెండు దశలు. చివర స్పీకరును నడిపే ఈఎల్84 వాల్వు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు. మా వీధిలో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన్ని పిలుచుకొచ్చాను.

"వాల్వు పోయిందంటారా మేస్త్రీగారూ?"

"వాల్వు కాదు బాబూ. హెచ్‌టీ కండెన్సర్లు ఎక్కడివి?"

హెచ్‌టీ అంటే వాల్వులకు అందే ఎక్కువ వోల్టేజి సరఫరా. దాన్ని నిలకడగా ఉంచే కండెన్సర్లు పాత రేడియోలోంచి తీసినవి. ఆయన ఒకటి విప్పి మీటరుకు పెట్టారు. ఒంటిమీద 10 మైక్రోఫారడ్లని అచ్చు ఉంది. మీటరు 1 చూపించింది. లోపలి తడి ఎప్పుడో ఎండిపోయింది.

కండెన్సరు ఎండితే స్పీకరు ఎందుకు ఊగాలి? మూడు దశలూ ఒకే హెచ్‌టీ నుంచి తాగుతాయి. వాల్వులో సంకేతం లోపలికి తీసుకునే జాలీ గ్రిడ్డు, పెరిగిన సంకేతం బయటికిచ్చే లోహపు రేకు ప్లేటు. ఈఎల్84 ఒక్క గుక్క ఎక్కువ లాగితే హెచ్‌టీ కాస్త దిగుతుంది. ఆ దిగుడు మొదటి దశ ప్లేటు వోల్టేజిని దించుతుంది, దానితో రెండో దశ గ్రిడ్డూ దిగుతుంది. గ్రిడ్డు దిగితే ప్లేటు ఎక్కుతుంది కనుక ఈఎల్84 గ్రిడ్డు పైకి లేస్తుంది, అది ఇంకో గుక్క లాగుతుంది. తిరగలి మొదలైనట్టే. దీన్ని ఆపడానికే మొదటి దశకు హెచ్‌టీ చేరే దారిలో 22 కిలోఓముల రెసిస్టరు, దాని వెనక కండెన్సరు పెడతాం. కండెన్సరు 1 మైక్రోఫారడే మిగిలితే సెకనుకు రెండుసార్లు ఊగే ఊపు దాదాపు మొత్తం లోపలికి వచ్చేస్తుంది. 47 వేస్తే పదమూడో వంతే వస్తుంది. కొత్తవి వేశాను, బోటు ఆగింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆ హెచ్‌టీ నా సెట్టులో 280 వోల్టులు. స్విచ్చి తీసి ప్లగ్గు పీకినా కండెన్సర్లు దాన్ని పట్టుకునే ఉంటాయి. రెసిస్టరుతో దించి, మీటరు సున్నా చూపించాకే చెయ్యి పెట్టాలి. ప్రాణం తీసే వోల్టేజి అది.

మరుసటి వారం నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ తీగ కలిపాను. స్పీకరుకు వెళ్లే సంకేతంలో కొంత తిప్పి మొదటి దశకు ఎదురుగా పంపితే, ఆంప్లిఫయరు తన తప్పు తానే దిద్దుకుంటుంది. 1927 ఆగస్టు 2న హడ్సన్ నది దాటే పడవలో ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్‌కు తట్టిన ఆలోచన ఇది. చేతిలో ఉన్న వార్తాపత్రిక మీదే లెక్క వేసుకున్నాడు. నా సెట్టులో మాత్రం తీగ కలపగానే చెవులు చిల్లులుపడేలా కూత వేసింది. మా ఊరి ఠాకురాణి జాతరలో మైకు పట్టుకుని స్పీకరు ముందుకు వెళ్తే వచ్చే కూతే. ఎదురు వెళ్లాల్సింది వంతపాడింది. ట్రాన్స్‌ఫార్మరులో స్పీకరు వైపున్న సెకండరీ తీగలు రెండూ అటుదిటు, ఇటుదటు చేస్తే కూత పోయింది.

అసలు చిక్కు ఆ తర్వాత. చప్పుడు లేదు, కానీ పాటలో ఇసుక నమిలినట్టు గరగర. గదిలో దీపం ఆర్పి చూస్తే ఈఎల్84 ప్లేటు అంచున ఎర్రటి మచ్చ. ఫీడ్‌బ్యాక్ తీగ విప్పితే మచ్చ చల్లారింది, కలిపితే మళ్లీ వచ్చింది. అంటే చెవికి అందని ఊపేదో నడుస్తోంది.

ఆలస్యం అమృతం విషం అంటాం కదా, ఈ చిక్కుకు అంతకన్నా సూటైన వివరణ నాకు దొరకలేదు. ట్రాన్స్‌ఫార్మరు చుట్లు దాటేసరికి దిద్దుబాటు, ఉదాహరణకు, సెకనులో లక్షో వంతు ఆలస్యమైందనుకోండి. 1,000 హెర్ట్జ్ స్వరానికి అది లెక్కలోకే రాదు. 50,000 హెర్ట్జ్ దగ్గర అదే ఆలస్యం సరిగ్గా అర ఆవర్తనం, అంటే ఒక పూర్తి ఊపులో సగం. తగ్గించు అని బయలుదేరిన మాట పెంచు అని చేరుతుంది. అర ఆవర్తనం తిరిగే చోటుకు ముందే, ఆంప్లిఫయరూ ఫీడ్‌బ్యాక్ తీగా కలిసిన చుట్టును ఒకసారి తిరిగొచ్చిన సంకేతం పెంపు ఒకటికన్నా తగ్గిపోతే ఊపు నిలబడదు. ఇంజనీరు హారీ నైక్విస్ట్ 1932లో ఇచ్చిన సూత్రాన్ని మన సెట్టుకు వర్తింపజేస్తే తేలేది ఇదే.

కనుక ఫీడ్‌బ్యాక్ రెసిస్టరుకు అడ్డంగా చిన్న కండెన్సరు వేసి, పై పౌనఃపున్యాల్లో దిద్దుబాటును కాస్త ముందుకు జరపాలి. ఎంత వేయాలో ట్రాన్స్‌ఫార్మరే చెప్పాలి, ఇంకొకరి సెట్టులోని అంకె పనికిరాదు. చతురస్ర తరంగం పంపి ఆసిలోస్కోపు తెరమీద తరంగం ఆకారం చూస్తూ 100 పికోఫారడ్లతో మొదలుపెట్టాను. అంచు మీద వణుకు తగ్గుతూ వచ్చి 330 దగ్గర ఒక్క చిన్న ఎగుడు మిగిలింది. ఈఎల్84 గ్రిడ్డు కాలికి ఆనించి ఒక రెసిస్టరు కూడా టంకం వేశాను. ఆ వాల్వు చురుకైనది, గ్రిడ్డు తీగ రెండంగుళాలు పొడవైనా మెగాహెర్ట్జ్‌లలో పాడుతుంది.

మేస్త్రీగారు వచ్చి ప్లేటు చూశారు, నలుపు. చాసిస్ మూత లోపల పెన్సిలుతో 330 అని రాయమన్నారు. "రేపు దీన్ని విప్పేవాడు వెతుక్కోకూడదు బాబూ." రాసి, కింద తేదీ కూడా వేశాను.