నెలసరి సరైతే మనసూ కుదుటపడుతుందా? పీసీఓఎస్ అపోహలు - వాస్తవాలు

అపోహ: నెలసరి దారిలో పడితే దిగులు దానంతటదే పోతుంది.

వాస్తవం: పోవచ్చు, పోకపోవచ్చు. ఆ ఆశతోనే ఏడాది గడిచిపోతుంది. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య, జనం నోట పీసీఓడీ) ఉన్నవాళ్లలో డిప్రెషన్, ఆందోళన మిగతా ఆడవాళ్లకన్నా ఎక్కువ, సన్నగా ఉన్నవాళ్లలో కూడా. అందుకే 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు జబ్బు తేలినప్పుడే ఈ రెండింటి గురించీ అడగమన్నాయి, టీనేజీ పిల్లలనైనా సరే. మన ఓపీల్లో స్కాన్ చూస్తారు, బరువు తూస్తారు, చాలాసార్లు అక్కడితో సరి.

డిప్రెషన్ గురించి అడగడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి చాలు. గడిచిన రెండు వారాల మీద 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టర్‌తో వివరంగా మాట్లాడాలి. ఇందులో ఒక చిక్కుంది. నిద్ర, నీరసం, ఆకలి ప్రశ్నలకు వేరే కారణాలతోనూ మార్కులు పడతాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా నీరసమే, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ (షుగర్‌కూ, పీసీఓఎస్‌కూ ఇచ్చే మాత్ర) వాడి బీ12 పడిపోయినా నీరసమే. గురక, పొద్దున లేవగానే తలనొప్పి, పగలు కునికిపాట్లు ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కావచ్చు. కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బీ12 చేయించాలి, గురక సంగతి ఇంట్లోవాళ్లను అడగాలి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దిగులు: ఈ మొదటి రెండింటికే మార్కులు ఎక్కువ పడితే మాత్రం రిపోర్టుల కోసం ఆగక్కర్లేదు. తొమ్మిదోది చచ్చిపోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా ఏమొచ్చినా, మొత్తం ఎంతైనా, ఆ రోజే మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అపోహ: గడ్డం మీద నాలుగు వెంట్రుకలకే ఇంత బాధా?

వాస్తవం: వెంట్రుకల లెక్కకూ బాధకూ పొంతన ఉండదు. "పొద్దున అద్దం ముందు ఎంతసేపు?" అని అడిగి చూడండి. ఇంట్లో ఎవరూ లేవకముందే బాత్రూమ్ గడియ పెట్టుకుని ఫోన్ టార్చ్ వెలుగులో ప్లకర్‌తో పీక్కోవడం, ఫొటో అనగానే చున్నీ పైకి లాక్కోవడం, పెళ్లిళ్లకు రానని సాకులు చెప్పడం వెంట్రుకలకు డాక్టర్ వేసే స్కోర్‌లోకి రావు. ముందే చెప్పాల్సింది ఒకటుంది: హార్మోన్ మాత్రలతో తేడా తెలియడానికి 6 నెలలైనా పడుతుంది. ఆ మాట చెప్పకపోతే రెండో నెలకే "నాకిక తగ్గదు" అని మానేస్తారు. ఈలోగా షేవ్ చేసుకోవచ్చు. షేవ్ చేస్తే మందంగా వస్తాయన్నది అమ్మలక్కల మాటే.

అపోహ: స్కాన్‌లో బుడగలుంటే పిల్లలు పుట్టరు.

వాస్తవం: అవి ఎదగకుండా ఆగిన అండపు సంచులు, గడ్డలు కావు. చాలామందికి పుడతారు, కొందరికి లెట్రోజోల్ లాంటి మాత్ర సాయం కావాలి. పెళ్లి మాత్రం దీనికి మందు కాదు.

అపోహ: అన్నం మానేసి ఒళ్లు తగ్గిస్తే అన్నీ పోతాయి.

వాస్తవం: పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి అందరూ పడుకున్నాక చెయ్యి ఆగదు. తిన్నాక ఏడుపు, మర్నాడు మళ్లీ పస్తు. ఇది నిగ్రహం లేకపోవడం కాదు, బింజ్ ఈటింగ్ కావచ్చు, పీసీఓఎస్‌లో ఇది ఎక్కువ. అలాంటి అమ్మాయి చేతిలో ఇంకో డైట్ చార్ట్ పెడితే ఇంకా ముదురుతుంది. ముందు మూడు పూటలా వేళకు తిననివ్వండి. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, బరువు ముల్లు కదలకపోయినా, మనసుకు పనికొస్తుంది.

అపోహ: డిప్రెషన్ మాత్రలు అలవాటైపోతాయి, లావెక్కిస్తాయి.

వాస్తవం: డిప్రెషన్‌కు ఎక్కువగా రాసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మాత్రలు మత్తుమందుల్లా అలవాటు పడేవి కావు. కానీ పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కుదుటపడ్డాక కూడా 6 నెలలైనా వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. బరువు భయం మాత్రం కొట్టిపారేసేది కాదు: మిర్టాజపిన్, పరాక్సెటిన్ లాంటివి పెంచుతాయి. పీసీఓఎస్ ఉందని సైకియాట్రిస్టుకు మొదటిరోజే చెబితే వేరే మందు ఎంచుతారు. మూర్ఛకో, బైపోలార్ అనే మానసిక జబ్బుకో వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతుంటే అది రాసిన డాక్టర్‌కూ, గైనకాలజిస్టుకూ తెలియాలి, అది పీసీఓఎస్ లక్షణాలను తేగలదు, కడుపులో బిడ్డకూ ప్రమాదం. అలాగని సొంతంగా ఆపొద్దు. గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టాక దిగులు పెరిగితే తేదీ రాసిపెట్టుకుని గైనకాలజిస్టుకు చూపించండి, మార్చడానికి వేరే రకాలున్నాయి.