జీబ్రా గీతల దగ్గర ఆగాల్సింది ఎవరు: 2017లో చేరిన ఒక్క మాట

మళ్ళీ అదే గొడవ. రోడ్డు దాటుతున్న మనిషిని బండి గుద్దిన వీడియో ఫోన్లలో తిరుగుతుంది, చూసినవాళ్ళలో సగం మంది డ్రైవర్‌ని తిడతారు, మిగతా సగం "చూసుకుని దాటొద్దా" అని పడిపోయినవాళ్ళనే తిడతారు. ఇప్పుడు ఈ గొడవకి ఒక గడువు కూడా తోడైంది. పాదచారుల కదలికల మీద, రోడ్ల డిజైన్ మీద మోటారు వాహనాల చట్టంలోని 138(1ఎ), 210డి సెక్షన్ల కింద ఆరు నెలల్లో రూల్స్ రాయండని 2025 అక్టోబర్ 7న సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. రూల్స్ అనగానే చాలామంది అడిగింది ఒకటే, ఇక నడిచేవాళ్ళకి కూడా చలానా రాస్తారా అని.

జీబ్రా గీతలు ఏ దేశంలో పుట్టాయి, మన దగ్గరికి ఎలా వచ్చాయి అన్నవి వదిలేస్తున్నా, అవి ఇప్పటికే చాలామంది రాశారు. నా లెక్కలో అసలు మలుపు 2017 జూన్‌లో వచ్చింది, దాని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ.

అంతకు ముందు నడిచినవి 1989 నాటి రోడ్డు నిబంధనలు. చౌరస్తా, మలుపు, పాదచారులు దాటే చోటు దగ్గరికి వస్తే డ్రైవర్ వేగం తగ్గించాలి, అక్కడున్నవాళ్ళకి ప్రమాదం లేదని తెలిసేదాకా అందులోకి వెళ్ళకూడదు అని వాటిలో 8వ నియమం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ప్రమాదం ఉందో లేదో తేల్చుకునేది స్టీరింగ్ పట్టుకున్న మనిషే కదా. "నేను స్లో చేశానండీ, పర్లేదనుకున్నా, ఒక్కసారిగా అడ్డం వచ్చాడు" అంటే ఆ మాట నిలబడడానికి చోటుంది.

2017లో ఆ పాత నిబంధనల స్థానంలో కేంద్రం డ్రైవింగ్ రెగ్యులేషన్స్ తెచ్చింది. సిగ్నల్ గానీ పోలీసు గానీ లేని క్రాసింగ్ దగ్గర డ్రైవర్ వేగం తగ్గించి, ఆగి, నడిచేవాళ్ళకీ వీల్‌చైర్ వాడేవాళ్ళకీ దారి ఇవ్వాలని అందులో రాశారు. ముందు ట్రాఫిక్ జామ్ అయి ఉంటే గీతల మీదకి బండి ఎక్కించి దారి మూసేయకూడదని కూడా రాశారు. "ఆగి" అన్న ఆ ఒక్క మాటతో అంచనా వేసుకోవడం అనేదే పోయింది, ఆగడం బాధ్యత అయింది. నడిచే మనిషి బతిమాలుకోవాల్సిన పని చట్టం ప్రకారం అక్కడితో అయిపోయింది.

రోడ్డు మీద మాత్రం అవ్వలేదు. నేను రోజూ దాటే చోట జీబ్రా పట్టీలు నాలుగే కనిపిస్తాయి, మిగతావి తారులో కలిసిపోయాయి. మొన్న ఒకావిడ చంకలో చంటిపిల్లతో, కుడిచెయ్యి చాచి అరచెయ్యి బండ్ల వైపు పెట్టి, అడుగు ముందుకేసింది. ఒక ఆటో ఆగింది. ఆగిన ఆటో పక్కనుంచి రెండు బైకులు దూరిపోయాయి, వెనకున్న కారు వదలకుండా హారన్ కొట్టింది. ఆ హారన్ ఆవిడ మీద కాదు, ఆగిన ఆటో మీద. అక్కడ చట్టం పాటించింది ఆ ఆటో అతనొక్కడే, చివాట్లు తిన్నదీ అతనే.

లైసెన్స్ కోసం పరీక్ష రాసినవాళ్ళలో ఎంతమందికి ఈ రూల్ గుర్తుంది? మీ ఇంట్లో బండి నడిపేవాళ్ళని ఒకసారి అడిగి చూడండి.

యాక్సిడెంట్ అయ్యాక కథ నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్తుంది, పాత ఆలోచన ఇంకా గట్టిగా బతికున్నది అక్కడే. మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద పూర్తి నష్టపరిహారం అడిగితే తప్పు ఎవరిదో తేలాలి. క్రాసింగ్ లేని చోట దాటాడు, చూడకుండా దిగాడు, తప్పులో తనకీ వాటా ఉంది అని ఇన్సూరెన్స్ వైపు వాదిస్తారు, ఆ వాదన నిలబడితే వచ్చే డబ్బులో అంత శాతం కోసేస్తారు. బండి డ్రైవర్ నిర్లక్ష్యం రుజువైతేనే పరిహారం అని సుప్రీంకోర్టు 1977లో మినూ మెహతా కేసులో చెప్పింది. ఆ తీర్పు తర్వాత 1982లో పార్లమెంటు తప్పుతో సంబంధం లేకుండా కొంత సొమ్ము ఇవ్వాలని చట్టం మార్చింది, చావుకి అప్పట్లో 15 వేలు. 1987లో గుజరాత్ ఆర్టీసీ కేసులో జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య ఇంకో అడుగు ముందుకేసి, తన తప్పేమీ లేని పాదచారి బండి కింద పడితే డ్రైవర్ నిర్లక్ష్యం ఉన్నా లేకున్నా పరిహారం దక్కాలి, లేకపోతే సామాజిక న్యాయం అన్న మాటకి అర్థమే లేదు అన్నారు. తప్పు ఎవరిదని అడగకుండా పరిహారం ఇవ్వాలన్న ఆ ఆలోచన ఇప్పుడు అదే చట్టం 164 సెక్షన్‌లో ఉంది. చావుకి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సంపాదించే మనిషి పోయిన ఇంటికి 5 లక్షలు ఎన్నాళ్ళు వస్తాయి? అందుకే 166 కిందకి వెళ్తారు, అక్కడ మళ్ళీ "చూసుకోకుండా దాటాడు".

డ్రైవర్ల వైపు కూడా నిజం లేకపోలేదు. రాత్రిపూట హైవే మీద లైట్లు లేని చోట డివైడర్ దూకి వచ్చే మనిషి ఎంత మంచి డ్రైవర్‌కైనా చివరి క్షణం దాకా కనబడడు, గుద్దాక జనం కొడతారన్న భయమూ నిజమే. 2024 జనవరిలో లారీ డ్రైవర్ల సమ్మెకి, హైదరాబాద్ పెట్రోల్ బంకుల ముందు ఆ క్యూలకి కారణం ఇదే, గుద్ది పారిపోతే పదేళ్ళ వరకు జైలు అనే కొత్త నిబంధన. దాన్ని కేంద్రం పక్కన పెట్టింది. గట్టిగా అడిగితే చట్టం ఆగుతుందని అప్పుడు చూశాం. నడిచేవాళ్ళకి యూనియన్ లేదు.

నడిచేవాళ్ళకీ చలానా వస్తుందేమో అన్న ఇప్పటి టెన్షన్‌కి మూలం మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ. అప్పట్లో అందరూ చలానాల మొత్తాల గురించే కొట్టుకున్నారు, తెలంగాణ ఆ పెంపు అమలు చేయబోమని చెప్పింది, ఆంధ్రప్రదేశ్ 2020లో పెంచింది. అదే సవరణలో మూడు సెక్షన్లు నిశ్శబ్దంగా వచ్చాయి. 138(1ఎ), పాదచారుల కదలికల మీద రూల్స్ రాసే అధికారం రాష్ట్రాలకి ఇచ్చింది. 210డి, రాష్ట్రాల కింద ఉన్న రోడ్లకి డిజైన్ ప్రమాణాలు రాసే అధికారం. 198ఎ, రోడ్డు ప్రమాణాల ప్రకారం లేక మనిషి పోతే కాంట్రాక్టర్, కన్సల్టెంట్, అధికార సంస్థలకి లక్ష వరకు జరిమానా. ఇప్పటిదాకా మోటారు వాహనాల చట్టంలో "ఇక్కడ దాటితే ఇంత" అని నడిచేవాళ్ళకి విడిగా జరిమానా లేదు. 138(1ఎ) కింద రూల్ వచ్చిందంటే మాత్రం దాన్ని మీరినవాళ్ళకి 177 సెక్షన్ తగిలించొచ్చు, మొదటిసారి 500 వరకు.

నడిచేవాళ్ళ మీద రూల్స్‌నీ, రోడ్డు డిజైన్ రూల్స్‌నీ సుప్రీంకోర్టు కలిపే అడిగింది, అందులో అర్థం ఉంది. ఈ కేసు వేసింది కోయంబత్తూరు ఎముకల డాక్టర్ ఎస్. రాజశేఖరన్, 2012లో. రోడ్ల మీద విరిగిన మనుషులను ఆపరేషన్ టేబుల్ మీద చూసిన ఆయన. 2025 మేలో ఇదే కేసులో జస్టిస్ అభయ్ ఓకా బెంచ్, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో, అంటే జీవించే హక్కులో భాగం అంది. అక్టోబర్ ఉత్తర్వు 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లు, క్రాసింగ్‌లు ఆడిట్ చేయమంది. 2023లో దేశంలో రోడ్ల మీద పోయిన 1,72,890 మందిలో 35,221 మంది నడుస్తున్నవాళ్ళే.

హైదరాబాద్ ఉప్పల్ రింగ్ దగ్గర 2023లో తెరిచిన స్కైవాక్‌కి, అంటే రోడ్డు పైనుంచి నడిచి దాటే వంతెనకి, లిఫ్టులున్నాయి, మంచిదే. కానీ ప్రతి చోటా మోకాళ్ళ నొప్పులున్న ముసలాళ్ళని మెట్లెక్కించి, ఎక్కకపోతే ఫైన్ వేయడం రూల్ అయిపోతుందేమో అన్నదే నా భయం. అందుకే రాష్ట్రం రాసే రూల్స్ డ్రాఫ్ట్ వచ్చిన రోజు నేను ముందు వెతికేది ఒకే వాక్యం: దగ్గర్లో దాటే చోటు కట్టని రోడ్డు మీద నడిచేవాళ్ళకి జరిమానా ఉండదు అని అందులో రాశారా, లేదా.