ఎలుగొడ్డు ఎదురైతే: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఉదయగిరి, సీతారామపురం వైపు వెలుగొండల్లో అటవీ శాఖ తరఫున తిరిగే పని నాది. సీతాఫలాలకనీ మేకలకనీ కొండెక్కేవాళ్లు నన్ను అడిగేదంతా చిరుత గురించే. నాకు టెన్షన్ మాత్రం ఎలుగొడ్డుతోనే. చిరుత మన అలికిడి వినగానే తప్పుకుంటుంది. ఎలుగుకి చూపూ వినికిడీ రెండూ అంతంతమాత్రమే, నమ్ముకునేది ముక్కునే.

అపోహ: చప్పుడు చేస్తే రెచ్చిపోతుంది, గమ్మున నడవాలి.

ఇంతకన్నా ప్రమాదకరమైన సలహా లేదు. ఎలుగు చెదపుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపలికి దూర్చి, ముందు దుమ్ము ఊదేసి తర్వాత చెదల్ని పీల్చుకుంటుంది. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందు ఇందుకే పనికొస్తుంది. మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకోగలదు కూడా. ఆ బుస వంద మీటర్ల అవతలికి వినపడుతుంది. అంత రొదలో మన అడుగుల చప్పుడు దానికేం వినపడుతుంది? మనం దగ్గరికి పోయాక ఉలిక్కిపడి తలెత్తుతుంది, ఆ భయంలోనే మీదికి దూకుతుంది. దాడులు ఎక్కువగా ఇలా జరిగేవే.

అందుకే పొదలు, బండల సందులు, వాగు మలుపులు వచ్చినప్పుడు గట్టిగా మాట్లాడుకోండి, కర్రతో రాళ్లమీద కొట్టండి. మేకలోళ్లు కూతలు పెడుతూ పోయేది ఊరికే కాదు. పెంచలకోన కొండల్లో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడిచే కుర్రోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొత్తగా తవ్విన పుట్ట, పక్కన పచ్చిమట్టి, పండ్ల గింజలున్న పెంట కనిపిస్తే దారి మార్చుకోండి.

అపోహ: చెట్టెక్కితే, లేదా ఊపిరి బిగబట్టి పడుకుంటే ఏమీ చేయదు.

ఇద్దరు స్నేహితుల కథ అందరికీ తెలిసిందే. మన ఎలుగు ముందు ఆ ఇద్దరూ బతికేది అదృష్టం ఉంటేనే. తేనె కోసం, పండ్ల కోసం అది చెట్లెక్కుతుంది. ఇక వెల్లకిలా పడుకుంటే ముఖం దానికి అప్పజెప్పినట్టే. దాని దెబ్బలు ఎక్కువగా తలకూ ముఖానికే తగులుతాయి.

ఇంకా దూరంలో ఉంటే పడుకోవద్దు, దాన్ని గమనిస్తూ మెల్లగా వెనక్కి జరగండి. మీద పడి, ఇక దారి లేదనుకున్నప్పుడు మాత్రం బోర్లా పడి, వేళ్లు పెనవేసి మెడ వెనక పెట్టుకుని, మోచేతులతో ముఖం కప్పుకోండి. వీపున సంచి ఉంటే అలాగే ఉంచుకోండి. అది వదిలేసినా వెంటనే లేవకండి, దూరం పోయిందని తేలాకే కదలండి.

అపోహ: పల్లానికి పరిగెత్తితే జుట్టు కళ్లకు అడ్డంపడి ఆగిపోతుంది.

ఆగదు. మగది వంద కిలోలు దాటినా మనకన్నా వేగంగా పరిగెత్తుతుంది, పల్లమైనా మిట్టైనా. ఫోన్లలో విదేశీ వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఒక మాట. అమెరికా అడవుల్లో మూస్ అనే పెద్ద దుప్పి తరిమితే పరిగెత్తి చెట్టు చాటుకు పొమ్మంటారు, అది సాధారణంగా ఎక్కువ దూరం వెంటపడదు కాబట్టి. ఆ సలహా దానికే, ఎలుగుకి కాదు.

అపోహ: పిల్ల ఒక్కటే ఉంటే తల్లి వదిలేసినట్టు.

తల్లి పక్కనే ఉంటుంది. పిల్లల్ని నెలల తరబడి వీపున మోసుకు తిరిగే జంతువు అది. సెల్ఫీ మాట మర్చిపోయి వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి.

ఎలుగు వెంట్రుకతో తాయెత్తు కడితే పిల్లలకు దడుపు పోతుందనే నమ్మకం ఇంకా ఉంది. పోయేదేమీ లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇది షెడ్యూల్ 1 జంతువు, దాని భాగాలు అమ్మినా కొన్నా కేసే.

గాయమైతే పసుపు, ఆకుపసరు వద్దు. రక్తం ధారగా పోతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. గీరుడు గాయాలైతే సబ్బు, నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కరిచినా రక్కినా రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే, చాలామంది అది కుక్కకాటుకే అనుకుంటారు. రేంజ్ ఆఫీసులో వెంటనే చెప్పి, ఆసుపత్రి కాగితాలు దాచిపెట్టుకోండి. పరిహారం అడగాలంటే అవి కావాలి. అవి పారేసుకుని వస్తే నేను చేయగలిగింది తక్కువ.